నలభై ఐదు దాటినవారికి ప్రభుత్వ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? (విజయనగరం జిల్లా)

చంపావతి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. నా వయసు నలభై ఎనిమిది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్‌లో పనిచేశాను. మొదట బదిలీ కార్మికుడిని, అంటే ఎవరైనా రాకపోతే వాళ్ల చోట పనిచేసేవాడిని, తర్వాత పర్మినెంటు అయ్యాను. ఆ మిల్లు మూతపడింది. మా జిల్లాలో జూట్ మిల్లులకు లాకౌట్లు కొత్త కాదు. ఇదివరకు కొన్నాళ్లు ఆపి మళ్లీ తెరిచేవారు, ఈసారి ఆ ఆశ నాకు లేదు. గోనెసంచుల నారకు గోగు వేసే రైతులే తగ్గిపోయారు, గోనెసంచుల చోటు ప్లాస్టిక్ సంచులు ఆక్రమించాయి.

ఇప్పుడు తాపీ పనికి సాయంగా వెళ్తున్నాను. ఇటుకలు మోసే పని నడుము ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో తెలియదు. నాకు మోటారు వైండింగ్, అంటే కాలిన మోటారుకు మళ్లీ రాగి తీగ చుట్టే పని, నేర్చుకోవాలని ఉంది. మా చుట్టుపక్కల ఏ ఊరు చూసినా బోర్లే. ఎండాకాలంలో ఓల్టేజీ పడిపోతే మోటార్లు వరసగా కాలిపోతాయి. కాలిన మోటారును ఆటోలో వేసుకుని టౌనుకు తీసుకెళ్లడం, షాపువాడు రేపు రా ఎల్లుండి రా అనడం, ఈలోగా మడి ఎండిపోవడం ఏటా చూస్తున్నదే. మూడు నాలుగు ఊళ్లకు ఒక మనిషి ఈ పని చేసినా చేతినిండా పని ఉంటుంది.

ఈ పని నాకు వస్తుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. స్పిన్నింగ్ ఫ్రేము మీద పోగు తెగుతుంది. మొత్తం ఫ్రేమును ఆపకుండా పోగును మెలితిప్పి బాబిన్ మీదకు పంపే ఆ ఒక్క ఫ్లయరునే ఆపాలి. బాబిన్ మీద కొస వెతికి, ఫ్లయరు కన్నంలోంచి లాగి, పైనుంచి దిగే నారకు బొటనవేలితో మెలివేసి అతికించి వదిలెయ్యాలి. పక్కన ఇంకో పోగు తెగేలోపు ఇదంతా అయిపోవాలి. ఆ దుమ్ములో, ఆ మోతలో తెగిన పోగు సంగతి కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. ఇన్నేళ్లు ఆ పని చేసిన చేతులకు రాగి తీగ చుట్టడం రాదంటే నేను నమ్మను.

ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి అడిగాను. అక్కడి అబ్బాయి నా ఆధార్ కార్డు చూసి, "పరిమితి నలభై ఐదు అండీ" అని తిరిగి ఇచ్చేశాడు. అతన్ని తప్పు పట్టను, నిబంధన అలాగే ఉంది. కానీ వృద్ధాప్య పింఛను రావాలంటే అరవై దాటాలి. నలభై ఐదుకూ అరవైకీ మధ్య ఉన్న ఆ పదిహేనేళ్లు మాలాంటివాళ్లు ఏమై బతకాలి? మిల్లు మూతపడ్డాక రోడ్డున పడినవాళ్లలో ఎక్కువమంది ఈ వయసువాళ్లే.

నాకు తెలియాల్సిన సంగతులు ఇవి. నా వయసువాడికి ఏదైనా ప్రభుత్వ శిక్షణ ఉందా? పదో తరగతి ఇప్పుడు కట్టవచ్చా? మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, చేతివృత్తులవాళ్లకు కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం ఆమెకు వర్తిస్తుందా? అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. శిక్షణ ఉచితం అంటారు, నిజమే. కానీ నెల రోజులు కూలికి వెళ్లకపోతే, రేషన్ బియ్యం తప్ప మిగతా ఇల్లంతా ఎలా గడవాలి? దీనికి ఎవరైనా దారి చూపించగలరా?

పాత సమన్వయకర్త, శ్రీకాకుళం:

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి వెంటనే జవాబు రాయాలనిపించింది. నేను సాక్షరతా ఉద్యమం రోజుల్లో వాలంటీరుగా మొదలై, తర్వాత సాక్షర భారత్‌లో పనిచేశాను. ఆ వయోజన విద్యా పథకం 2009 సెప్టెంబరు 8న మొదలై 2018 మార్చితో ఆగిపోయింది. అందుచేత ఈ దారులు నాకు కొంత తెలుసు.

ముందు వయసు సంగతి. నీకు చెప్పింది అబద్ధం కాదు. దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు. జన శిక్షణ సంస్థాన్‌లలో 45 దాకా తీసుకుంటారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో స్వల్పకాలిక కోర్సులకూ 45 ఏళ్లే. అందులోనే ఆర్‌పీఎల్ అని ఒక విభాగం ఉంది, దానికి 59 ఏళ్ల వరకు అవకాశం ఇస్తారు. కానీ అది ఇప్పటికే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు. నీ స్పిన్నింగ్ పనికి సర్టిఫికెట్ రావచ్చు. మూతపడిన మిల్లు ముందు ఆ కాగితం పట్టుకుని ఏం చేస్తావు? నీకు కావాల్సింది కొత్త పని. వైండింగ్‌లో కొంత చెయ్యి తిరిగాక ఆర్‌పీఎల్‌కు వెళ్తే అప్పుడు అది అక్కరకు వస్తుంది.

పదో తరగతి మాత్రం నిశ్చింతగా కట్టు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, 1991 నుంచి ఉంది. పదో తరగతికి కనీస వయసు 14, గరిష్ఠ వయసు లేదు. ఐదు సబ్జెక్టులు, తెలుగు మాధ్యమంలోనే రాయవచ్చు. అన్నీ ఒకేసారి పాస్ కానవసరం లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల వరకు ఆ ప్రవేశం చెల్లుతుంది, పాసైన సబ్జెక్టులు అలాగే నిలుస్తాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. అధ్యయన కేంద్రాలు ఎక్కువగా హైస్కూళ్లలోనే ఉంటాయి, తరగతులు సెలవు రోజుల్లో పెడతారు కాబట్టి కూలి పోదు. డబ్బిస్తే పాస్ చేయించే పూచీ మాది అంటూ తిరిగే దళారులుంటారు. వాళ్ల జోలికి వెళ్లకు, హైస్కూలు కేంద్రంలోనే నేరుగా అడుగు.

ఇప్పుడు ఈ వయసులో చదువేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకు. పలాస వైపు జీడి కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్లకు రాత్రిబడి పెట్టినప్పుడు నేను చూశాను. జీడిరసం తగిలి వేళ్ల చివర్లు నల్లబడి, పొక్కి, తొక్కలు లేచి ఉండేవి. పలక బలపం పట్టుకుంటే మంట. ఒకావిడ బలపానికి గుడ్డపీలిక చుట్టుకుని అక్షరాలు దిద్దేది. ఆమె తర్వాత తన రోజుకూలి లెక్క, ఒలిచిన పప్పు కిలోలతో సహా, తనే పుస్తకంలో రాసుకునేది. మేస్త్రీ చెప్పే లెక్కకూ తన లెక్కకూ తేడా వస్తే నిలబెట్టి అడిగేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారంటే ఆ కదలిక కూడా రాత్రిబడిలోనే పుట్టింది. పెద్దవాళ్ల చదువు పిల్లల చదువులా ఉండదు, మర్నాడు పొద్దున్నే పనికి వస్తుంది.

నా బాధ ఒకటి చెప్పి ఆపుతాను. సాక్షర భారత్‌లో పంచాయతీకి ఇద్దరు ప్రేరకులు ఉండేవారు. నెలకు 2,000 రూపాయలే అయినా ఊళ్లో ఈ పనికంటూ ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు 2022 నుంచి 2027 దాకా నడిచే ఉల్లాస్ కార్యక్రమం ఉంది, పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులందరికీ అది వర్తిస్తుంది. అయితే చదువు చెప్పేవాళ్లు స్వచ్ఛందంగా చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానంలో వయోజన విద్య, జీవితాంత అభ్యసనం మీద 21వ అధ్యాయం మొత్తం కేటాయించారు. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో పాఠశాల భవనాలను పెద్దల చదువుకు వాడుకోవాలని అందులో రాశారు. చాలా మంచి మాట. సాయంత్రం ఆ గేటు తాళం తీసే మనిషికి జీతం ఎవరిస్తారన్నది కూడా తేలాలి.

బొబ్బిలి టైలర్:

అన్నయ్యగారూ, వదిన విషయం నేను చెబుతాను. నేను విశ్వకర్మలోనే శిక్షణ తీసుకున్నాను.

ఈ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 వృత్తులకు వర్తిస్తుంది, అందులో దర్జీ పని ఉంది. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, పై వయసు అడ్డు లేదు. సీఎస్‌సీలో, అంటే కామన్ సర్వీస్ సెంటర్‌లో, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలతో నమోదు చేయించాలి, వేలిముద్ర వేయాలి. తర్వాత పంచాయతీలో, జిల్లాలో, ఆపై రాష్ట్ర స్థాయిలో పరిశీలిస్తారు. పంచాయతీ దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంది, అక్కడ వెంటపడి అడగాలి. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిపి ఒక కుటుంబంగా లెక్క. మీ వైండింగ్ ఆ 18లో లేదు కాబట్టి వదిన పేరునే పెట్టండి. ఆమె పేరున ముద్ర రుణం ఏదైనా తీర్చకుండా ఉంటే ముందు అది చూసుకోండి, అర్హత పోతుంది.

ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, మొత్తం 40 గంటలు. రోజుకు 500 రూపాయలు భృతి ఇస్తారు. పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచర్ వస్తుంది. ఆ తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల రుణం, 18 నెలల్లో తీర్చాలి. అది సక్రమంగా తీరిస్తే రెండు లక్షలు. పూచీకత్తు అడగరు.

మీరు చివర అడిగిన ప్రశ్న నా ప్రశ్న కూడా. ఇంతకుముందు నాకు ఇతర ఉచిత శిక్షణలకు పిలుపు వచ్చింది, వెళ్లలేదు. పెళ్లిళ్ల సీజన్లో ఒక్క రోజు మిషన్ ఆపితే నాలుగు జాకెట్ల డబ్బు పోతుంది, చెప్పిన రోజుకు ఇవ్వకపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ రారు. ఈ శిక్షణకు వెళ్లానంటే ఆ ఐదు వందల వల్లనే. ఆ డబ్బు లేకపోతే మా అత్తగారు కూడా పంపేవారు కాదు. అక్కడ నేర్చుకున్నది నిజంగా ఉపయోగపడింది. ఇన్నాళ్లూ నేను పాత జాకెట్ తెప్పించుకుని దాని కొలతతో కుట్టేదాన్ని. ఒంటి మీద నేరుగా కొలత తీసుకుని కాగితం మీద ప్యాటర్న్ గీసి కత్తిరించడం అక్కడే వచ్చింది. ఇప్పుడు ప్రిన్సెస్ కట్ ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.

సోంపేట వెల్డర్:

సింగపూర్ నుంచి రాస్తున్నాను. మా వైపు కవిటి, ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి చాలామంది ఇలా బయటి దేశాల్లో ఉన్నాం. ఇక్కడ చూసిన సంగతి ఒకటి మీ చర్చకు పనికొస్తుందని చెబుతున్నాను.

ఇక్కడ 2016 నుంచి పాతికేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ కోర్సుల కోసం ప్రభుత్వం 500 సింగపూర్ డాలర్లు ఖాతాలో వేసింది. 2024లో నలభై దాటినవాళ్లకు మరో 4,000 డాలర్లు ఇచ్చారు. 2025 నుంచి నలభై దాటినవాళ్లు ఎంపిక చేసిన పూర్తికాలపు కోర్సులో చేరితే, అంతకుముందు సంపాదించిన దానిలో సగం, నెలకు 3,000 డాలర్లు మించకుండా భృతి ఇస్తున్నారు. గరిష్ఠంగా 24 నెలలు. ఇదంతా వాళ్ల పౌరులకు, మాలాంటి పర్మిట్ కార్మికులకు కాదు. చిన్న దేశం, డబ్బున్న దేశం, మనకు అచ్చంగా అదే కుదరదని నాకూ తెలుసు. అయినా నలభై దాటినవాడికి డబ్బు, సమయం రెండూ ఎక్కువ అవసరమని వాళ్లు గుర్తించారు.

మాకు వర్తించేది మరొకటి ఉంది. నిర్మాణ రంగంలోకి వచ్చేవాడు ఇండియాలోనే ట్రేడ్ టెస్ట్ పాసై రావాలి. ఇక్కడ కొన్నేళ్లు చేసి పై స్థాయికి ఎదిగితే, మా తరఫున కంపెనీ ప్రభుత్వానికి కట్టే లెవీ తగ్గుతుంది. అందుకని మమ్మల్ని కోర్సుకు పంపమని కంపెనీని బతిమాలాల్సిన పని లేదు, పంపితే వాళ్లకే లాభం. మన దగ్గర సర్టిఫికెట్ ఉన్న మేస్త్రీకీ లేని మేస్త్రీకీ కూలి ఒక్కటే. అలాంటప్పుడు శిక్షణకు ఎవరు పంపుతారు, ఎవరు వెళ్తారు?

చంపావతి ఒడ్డు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. అమ్మా, మా ఆవిడకు మీరు రాసినదంతా చదివి వినిపించాను. ఆమె పేరున ముద్ర రుణం ఏదీ లేదు, డ్వాక్రా అప్పు మాత్రం ఉంది. సీఎస్‌సీకి వెళ్తాం. పెద్దాయనా, ఓపెన్ స్కూల్ సంగతి కూడా ఈ ఏడే తేల్చేస్తాను.

సింగపూర్ తమ్ముడు రాసిన మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. వాళ్లు నలభైకి చెయ్యి అందిస్తుంటే మనం నలభై ఐదుకు తలుపు వేసేస్తున్నాం. కుర్రాళ్లకు ఇవ్వొద్దని నేను అనను, వాళ్లకు ముందు ఇవ్వాలి. కానీ కుర్రాడు ఒక పని రాకపోతే బెంగళూరు వెళ్లగలడు, హైదరాబాద్ వెళ్లగలడు. నేను మా అమ్మను, ఇంటిని వదిలి ఎక్కడికి వెళ్లను? ఉన్న ఊళ్లోనే పని మార్చుకోవాల్సింది నేనే కదా. వైండింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎంతకాలం పడుతుంది, ఎలా మొదలుపెట్టాలి?

నరసన్నపేట వైండింగ్ షాపు:

అన్నా, పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. షాపులో నేను, ఇంకో కుర్రాడు. చేతి వాటం ఉన్నవాడికి వయసు అడ్డు కాదు. దగ్గరి చూపు తగ్గి ఉంటే ముందు కళ్లద్దాలు చేయించుకోండి, సన్న తీగతో పని.

చుట్టడం కంటే విప్పడం పెద్ద పాఠం. కాలిన మోటారు వస్తే కాయిళ్లు కోసి పారేయకూడదు. స్టేటర్‌లో, అంటే మోటారులో తిరగకుండా ఉండే భాగంలో, తీగ దూర్చే స్లాట్లు ఎన్ని, ఒక్కో స్లాటులో ఎన్ని చుట్లు, తీగ గేజి ఎంత, ఏ కాయిలు ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్లింది, కనెక్షన్ ఎక్కడ కలిపారు, ఇదంతా నోటు పుస్తకంలో ఎక్కించాకే విప్పాలి. నా దగ్గర అలాంటి పుస్తకాలు బోలెడున్నాయి, షాపులో వాటికంటే విలువైన వస్తువు లేదు. ఎలా కాలిందో కూడా అప్పుడే తెలుస్తుంది. మూడు ఫేజుల మోటారులో కొన్ని కాయిళ్లు నల్లబడి మిగతావి బాగుంటే ఒక ఫేజు పోయినట్టు. మొత్తం మాడితే ఓల్టేజీ తగ్గిగానీ, పంపు పట్టేసిగానీ లోడు ఎక్కువైనట్టు. అది రైతుకు చెప్పకుండా మోటారు చుట్టి పంపితే మళ్లీ కాలి తిరిగి వస్తుంది.

మోటారు, పంపు ఒకటిగా ఉండే మోనోబ్లాక్‌కు వేసేది ఎనామిల్ తీగ. చుట్టాక వార్నిష్ పట్టించి ఆరబెట్టాలి. లోపల నీళ్లు నింపి బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ప్లాస్టిక్ పొర ఉన్న తీగ, అది నీళ్లలోనే ఉండాలి కాబట్టి ఎక్కడా గీత పడకూడదు. మీ బొటనవేలు పనికొచ్చేది అక్కడే. మోనోబ్లాక్‌తో మొదలుపెట్టండి. దగ్గరి షాపులో ఒక సీజన్ మొత్తం కూర్చుంటే సాధారణ మోటార్లు చుట్టేస్తారు. సబ్‌మెర్సిబుల్‌కు ఇంకో సీజన్ పడుతుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సు, పదో తరగతి ఉండాలి, ఇల్లు నడిపే మనిషికి అది జరిగే పని కాదు.

ఇక ప్రభుత్వం మాట. నా దగ్గరికి నేర్చుకుంటామని వచ్చేవాళ్లున్నారు. వాళ్లకు మొదటి నెలల్లో కూలి ఇచ్చే శక్తి నాకు లేదు, వాళ్లు చెడగొట్టే తీగ ఖర్చు కూడా నాదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పెట్టుకుందామని అడిగితే, నలుగురైనా పనిచేసే సంస్థ అయితేనే వీలవుతుందన్నారు. 30 మంది ఉన్నచోట తప్పనిసరి. అప్రెంటిస్ భృతిలో పావు వంతు, నెలకు 1,500 రూపాయల వరకు కేంద్రం భరించే ఏర్పాటు ఉంది, అదీ నలుగురు లేని మాలాంటి షాపులకు అందదు. మన రెండు జిల్లాల్లో వైండింగ్, స్కూటర్ మెకానిక్, ఫ్రిజ్ రిపేరు, ఏ పని నేర్చుకున్నా ఇద్దరు ముగ్గురున్న షాపుల్లోనే నేర్చుకుంటారు. అసలు బడి మా దగ్గర ఉంటే డబ్బు వేరేచోటికి వెళ్తోంది.

పాత సమన్వయకర్త, శ్రీకాకుళం:

ఈ చివరి మాట బంగారంలాంటి మాట. తమ్ముడూ, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. ఉద్యోగం ఇప్పించండి అని కాకుండా ఇదే రాసి ఇవ్వు. అర్జీ ఇచ్చాక నంబరున్న రసీదు తీసుకోవడం మరిచిపోకు.

చంపావతి ఒడ్డు:

రాసి ఇస్తాను పెద్దాయనా. నేను అడగబోయేది ఇది. విశ్వకర్మలో చెల్లెమ్మకు రోజుకు 500 ఇచ్చినట్టే, మిల్లు మూతపడి పని పోయిన నలభై ఐదు దాటినవాళ్లకు, కొత్త పని నేర్చుకునే మొదటి మూడు నెలలు ఆ భృతి ఇవ్వాలి. శిక్షణ కేంద్రంలోనే నేర్చుకోవాలన్న షరతు లేకుండా, పంచాయతీ ధ్రువీకరించిన చిన్న షాపులో నేర్చుకున్నా ఇవ్వాలి. చెడిపోయే తీగకు, సామానుకు షాపు యజమానికి కొంత ఇవ్వాలి. చివర్లో పరీక్ష పెట్టి ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఇవ్వాలి, పనిరాకుండానే డబ్బు తీసుకున్నామన్న మాట మాకు వద్దు.

కలెక్టర్ ఒక్కరి చేతిలో ఉండే పని కాదని తెలుసు, పైకి పంపమని అడుగుతాను. ఒక్కడి అర్జీ అయితే పక్కన పడుతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిల్లులు, ఫ్యాక్టరీలు మూతపడి పని పోయినవాళ్లు ఇది చదువుతుంటే మీ మండలం, వయసు, ఇదివరకు చేసిన పని, ఇప్పుడు నేర్చుకోవాలనుకుంటున్న పని, ఈ నాలుగూ ఇక్కడే రాయండి. పేరు అక్కర్లేదు. అర్జీకి జతచేస్తాను. నరసన్నపేట తమ్ముడూ, మీలాంటి షాపులవాళ్లు ఎంతమందికి నేర్పగలరో కూడా రాయండి.